పరిమళ వాళ్ళ మిషన్

మా తోడికోడలు పరిమళ కుర్చీలో కూర్చుని గుడ్డలు ఉతుకుతుంది. అబద్ధం కాదు. వాషింగ్ మిషన్ ముందు ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, కాలు మీద కాలేసుకుని, చేతిలో ఫోను పట్టుకుని కూర్చుంటుంది. గుండ్రటి గాజు తలుపు వెనక గుడ్డలు వాటి పాటికవి దొర్లుతుంటాయి. నేను పక్కనే రాతిబండ దగ్గర ఒంగి, మా ఆయన యూనిఫారానికి అంటిన నూనె మరక మీద బ్రష్షు అరగదీస్తుంటాను. "నడుము నొప్పి పుడతాది అక్కా, కాసేపు కూర్చో" అంటుంది. మంచి మాటే. కానీ కుర్చీలో కూర్చున్న మనిషి నోట ఆ మాట వింటే ఒళ్ళు మండుతుందా, మండదా? నాకు మండేది.

సముద్రం పక్కనుండే తిరువొత్తియూరులో మాది ఒకటే ఇల్లు, రెండు వంటిళ్ళు. కింద నేను, మా ఆయన ఏకాంబరం, మా అత్త అమ్మాసి. మేడ మీద మా మరిది ఆనందన్, పరిమళ. కొళాయి, బాత్‌రూము, గుడ్డలుతికే వెనక నడవ మాత్రం అందరిదీ. పరిమళ పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో కూర్చుంటుంది. అక్కడా కుర్చీయే. నేను ఎక్స్‌పోర్ట్ కంపెనీలో పగలంతా చొక్కాలకు దారాలు కత్తిరించి, ఇంటికొచ్చి మళ్ళీ చొక్కాల ముందే ఒంగుతాను.

ఆ మిషన్ కొత్తది కూడా కాదు. ఫ్లాటు ఖాళీ చేసి ఊరెళ్ళిపోతున్న సాఫ్ట్‌వేర్ వాళ్ళెవరో అమ్మేస్తుంటే ఆనందన్ లోడు ఆటోలో వేయించుకొచ్చాడు. కొత్తదైతే నాకు ఇంత కుళ్ళు ఉండేది కాదేమో. షోరూములో ఉండేవి మనవి కావు, వాటి జోలి మనకెందుకు. ఇది ఎవరో వాడి వదిలేసింది. అలాంటిది నాకూ దొరకొచ్చుగా? నాకెందుకు దొరకలేదు? ఈ ప్రశ్న బండ దగ్గర ఒంగినప్పుడల్లా నా బుర్రలో తిరిగేది.

అంతకంటే పెద్ద మంట ఇంకొకటి ఉంది. ఆ మిషన్ని బిగించింది మా ఆయన. పక్కనే ఉండే మనలి అనే చోట ఒక కెమికల్ ఫ్యాక్టరీలో పైపు ఫిట్టరు ఆయన. ఆదివారం పూట సగం రోజు ఆ నడవలో మోకాళ్ళ మీద కూర్చుని, మిషన్ కాళ్ళు నాలుగూ సరిగ్గా నేలకు ఆనాయో లేదో మట్టం పెట్టి చూసి, కొళాయికి కొత్త ముక్క అతికించి, పైపు తగిలించాడు. వంటింట్లో నా గ్రైండరు బెల్టు తెగి ఆరు నెలలుగా మూల కూర్చుంది. అడిగితే, "ఆదివారం చూస్తాలేవే" అంటాడు. ఆరు నెలల్లో ఎన్ని ఆదివారాలో ఆయనకు తెలియదా?

మొదటి రోజే పరిమళ, "నీ గుడ్డలు కూడా వెయ్యి అక్కా" అంది. "మా గుడ్డలకి మురికెక్కువమ్మా, నీ మిషన్ చెడిపోతాది" అని మూతి తిప్పాను. రెండోసారి అడిగితే వేద్దామనే అనుకున్నాను. అది అడగలేదు. నేను వెయ్యలేదు.

మూడు నెలలు అలా గడిచాయి. ఒక బుధవారం నాకు సెలవు. పరిమళ గుడ్డలు వేసి, బటన్ నొక్కి, మేడ మీదికి పోయింది. నేను బండ దగ్గరనుంచి లేచి, చేతులకు సబ్బు నురగతోనే వెళ్ళి ఆ గాజు ముందు నిలబడ్డాను. లోపల దాని ఆకుపచ్చ చీర తిరుగుతోంది. ఎంతసేపు చూశానో తెలియదు. నా కళ్ళల్లో నిప్పులు పోసుకుని చూశాను. ఆగిపోతే ఎంత బాగుణ్ణు అనుకున్నాను. మనసులో కాదు, పెదాలు కదిపి మరీ అన్నాను. తలెత్తితే మా అత్త నడవ గుమ్మంలో నిలబడి ఉంది. చేతిలో చీపురు. నా వంకా, మిషన్ వంకా చూసి లోపలికెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమే అది ఆగిపోయింది.

రెండో విడత దుప్పట్లు వేసింది పరిమళ. తలుపు టక్కుమని తాళం పడింది గానీ లోపలికి చుక్క నీరు రాలేదు. మిషన్ కాసేపు ఆగి, ఏవో రెండు ఇంగ్లీషు అక్షరాలు చూపించి, కీచు కీచుమని అరవడం మొదలుపెట్టింది. ఎన్నిసార్లు నొక్కినా అదే వరస. అందరం నడవలో చేరాం. మా అత్త బుగ్గన వేలు పెట్టుకుని, "బాగుండిన మిషన్. ఎవురి కన్ను పడిందో ఏమో పా" అంది. పేరు పెట్టి అనలేదు, పెట్టాల్సిన అవసరం కూడా లేదు. ఆనందన్ తలొంచుకున్నాడు. మా ఆయన పైపు వంక చూశాడు. పరిమళ ఒక్కటే, "కన్నేంది అత్తా, కరెంటు వస్తువు గదా" అంది. అది వెనకేసుకొచ్చేసరికి నాకు తల కొట్టేసినట్టయింది.

నన్ను తిట్టి ఉంటే తిరిగి తిట్టేదాన్ని, నా నోరు ఈ వీధిలో అందరికీ తెలుసు. కానీ ఏమని తిట్టను? ఆగిపోవాలని అన్నది నిజం. ఆగింది నిజం. రాత్రి పడుకుంటే అదే. నాకు నిజంగానే అలాంటి కన్ను ఉందా? పక్కింటి మాదయ్య మేక చచ్చిపోయే ముందు రోజు దాన్ని మెచ్చుకున్నది నేనే కదా? ఆడబిడ్డ కొత్త గాజులు చూసిన వారానికి అవి చిట్లాయి కదా? ఇలా ఒక్కొక్కటీ లెక్కకొచ్చాయి. మరునాడు పరిమళ వాళ్ళమ్మ ఎవరి బిడ్డనో ఎత్తుకొస్తే మా అత్త గబగబా ఆ బిడ్డకు బుగ్గచుక్క పెట్టింది. నేను ఉన్నచోటి నుంచి లేచి వంటింట్లోకి పోయాను.

అందుకే ఆ మిషన్ బాగుపడాలని ఆ ఇంట్లో అందరికంటే ఎక్కువ కోరుకున్నది నేను. ఇసకో, ఎలుకో, తెగిన వైరో, ఏదో ఒకటి దాని కడుపులో దొరకాలి. ఇదిగో ఇందువల్ల ఆగింది అని మా ఆయన అందరి ముందూ చూపించాలి. అప్పుడుగానీ నా పేరుకంటిన మురికి పోదు.

మొదటి ఆదివారం మా ఆయన ముందువైపు కింద ఉండే చిన్న మూత విప్పాడు. బురద నీళ్ళు, రెండు హెయిర్ పిన్నులు, ఒక జాకెట్ హుక్కు వచ్చాయి. పరిమళ పక్కన గొంతుక్కూచుని ఫోను లైటు పట్టింది. "ఇది నీళ్ళు బయటికి పోయే దోవమ్మా. మనకు రావాల్సింది లోపలికి వచ్చే దోవ" అని ఆయన దానికి వివరంగా చెబుతున్నాడు. ఇరవై ఒక్క ఏళ్ళ కాపురంలో నాకు ఒక్క స్క్రూ గురించి కూడా ఇంత ఓపికగా చెప్పిన పాపాన పోలేదు. "అట్లనా బావా?" అంటూ అది అల్లం టీ తెచ్చి ఇచ్చింది. ఆయన గ్లాసు రెండు చేతులతో పట్టుకుని నవ్వాడు. తప్పుడు నవ్వు కాదు, అంత మాట అననులే. కానీ అది నాకు రావాల్సిన నవ్వు. నా గ్రైండరు దగ్గర కూర్చుని నవ్వాల్సిన నవ్వు.

రెండో ఆదివారం కొళాయి దగ్గర పైపు విప్పి, జాలీలో చిక్కిన ఇసక దులిపాడు. ఇసక చూడగానే నా ప్రాణం లేచొచ్చింది. "ఇదేనా? ఇదేనా కారణం?" అని పరిగెత్తాను. పైపు బిగించి బటన్ నొక్కాడు. టక్కుమంది. నీళ్ళు రాలేదు. కీచు కీచు.

"మిషన్ ఇవతలికి లాగి వెనక చూడగూడదా?" అన్నాను.

"సుమ్మా ఉండవే, ఊరుకో. వెనక ఏముండాది? గోడ ఉండాది" అన్నాడు విసురుగా. పరిమళకు మాత్రం మెత్తగా చెప్పాడు. "నీళ్ళు వదిలే వాల్వు పోయినట్టుండాదమ్మా. వచ్చే వారం సౌకార్‌పేట పక్క సందుల్లో పాత స్పేర్లు అమ్మేవాళ్ళ దగ్గర చూస్తా. అంతదాకా ఎవురూ దీన్ని కదపొద్దు. నువ్వు చెయ్యి పెట్టొద్దు, షాక్ కొడితే కష్టం."

నా ఇస్త్రీ పెట్టె నాకు రెండుసార్లు షాక్ కొట్టింది. "చెప్పులేసుకుని చెయ్యి" అన్నాడు అప్పుడు.

మూడో ఆదివారం ఆయన పొద్దున్నే బస్సెక్కి సౌకార్‌పేట పోయాడు. ఆనందన్ డ్యూటీలో ఉన్నాడు. నేను గుడ్డలు నానబెట్టి, బండ దగ్గర కూర్చుని ఆ మిషన్ వంక చూశాను. అది నా వంక చూసినట్టే ఉంది. పోవే, నీ సంగతి నేనే తేలుస్తా అనుకున్నాను. ఎవరి మీద కోపమో నాకే తెలియదు. ప్లగ్గు పీకేశాను, కొళాయి కట్టేశాను. మిషన్ని వాటేసుకుని లాగితే అంగుళం కూడా కదల్లేదు. లోపల కాంక్రీటు దిమ్మ పెడతారట, అదిరిపోకుండా. ఒక పక్క ఎత్తి కాళ్ళ కింద గోనెసంచి తోద్దామని చూస్తుంటే పరిమళ మేడ దిగి వచ్చింది.

"అయ్యో అక్కా, బావ కదపొద్దన్నాడు గదా?"

"మీ బావ చెప్పినట్టు నువ్వు ఆడు. పట్టేదుంటే ఆ పక్క పట్టు, లేకుంటే మేడెక్కు."

అది పట్టింది. ఇద్దరం కలిసి సంచి తోసి, సంచి కొసలు పట్టుకుని లాగితే మిషన్ గీసుకుంటూ ఇవతలికి వచ్చింది. నేను సన్నంగా ఉంటాను కాబట్టి గోడకూ దానికీ మధ్య దూరాను.

వెనక, నీళ్ళ పైపు మిషన్‌లోకి దూరే చోట, ఎర్రగుడ్డ మూట ఒకటి వేలాడుతోంది. నిమ్మకాయంత. తడిసి ముద్దగా ఉంది. దాని కిందనుంచి మిషన్ వీపు మీదుగా తెల్లటి చారలు, చారల చుట్టూ తుప్పు. వేలు పెట్టి నాకాను. ఉప్పు. మూట నొక్కితే లోపల సగం కరిగిన కల్లుప్పు, కుళ్ళిన ఎండుమిరపకాయలు, పటిక ముక్క తగిలాయి. ఇవెందుకు కడతారో ఈ ఊళ్ళో ఎవరికి తెలియదు? కన్ను పడకుండా కడతారు. ఇంటికి కడితే గుమ్మానికి కడతారు, వీధిలోవాళ్ళ కన్ను కోసం. ఇది ఇంటి లోపల, అందరికీ కనపడకుండా కట్టిన మూట. ఈ నడవలోకి వచ్చే కళ్ళు ఎవరివి? మాకు మేమే. ఆ మాకు మేమేలో ఎవరి కన్ను?

బయటికి వచ్చాను. నా గొంతు వీధి చివరి దాకా పోయి ఉంటుంది.

"ఏందే ఇది? నా కోసమేనా? నోట్లో వెన్న పెట్టుకుని అక్కా అక్కా అంటానే, వెనక నా కన్నుకి మూట కట్టినావా?"

"మా అమ్మ తోడు అక్కా, నాకు తెలీదు!"

"తెలీదంట! నీ మిషన్‌కి నీకు తెలీకుండా ఎవురొచ్చి కడతారు? చూడు, నువ్వు కట్టిన ఉప్పు కరిగి నీ మిషన్నే తినేసింది! నా కన్ను కాదే, నీ ఉప్పు!"

ఎంత సంబరం వేసిందో చెప్పలేను. మూడు వారాల బరువు ఒక్క దెబ్బతో దిగిపోయింది. అత్తను పిలిచి చూపిద్దామని మూటను పైపు నుంచి లాగాను. అది ఊడి రాలేదు. ఇనప తీగతో కట్టి ఉంది. విప్పుదామని తీగ కొస కోసం వేలితో తడిమాను.

కొస లోపలికి వంచి ఉంది. తీగ మూడు మెలికలు తిప్పి, చివర ఎవరికీ గుచ్చుకోకుండా లోపలికి మడిచి నొక్కిన కట్టు. మా ఇంట్లో దోమతెర అలాగే కట్టి ఉంటుంది. గ్యాస్ ట్యూబు అలాగే కట్టి ఉంటుంది. తెగిన నా చెప్పుకు ఒకసారి ఆ కట్టే పడింది. పైపు ఫిట్టర్లు అలా కడతారు. మా ఇంట్లో అలా కట్టే మనిషి ఒక్కడే.

తీగ మీద నుంచి వేలు తీసెయ్యబోయాను గానీ పరిమళ అప్పటికే చూసింది. దాని గ్యాస్ ట్యూబు కట్టిందీ ఆ చెయ్యే కదా. దాని కళ్ళల్లో జాలి కనపడింది. అది కోప్పడి ఉంటే బతికిపోయేదాన్ని.

"అక్కా, పారేద్దాం" అంది చిన్నగా. "ఎవురికీ చెప్పొద్దు. నేనెవురికీ చెప్పను."

"వద్దు" అన్నాను. "ఆడనే ఉండనీ."

రెండు గంటల తర్వాత మా ఆయన వాల్వు ముక్క చేతిలో పెట్టుకుని వచ్చాడు. ఇవతలికి లాగి ఉన్న మిషన్ని చూశాడు. బండ మీద కూర్చున్న నన్ను చూశాడు. ఒక్క మాట ఆయనే చెబుతాడని చూశాను. ఆయన మూట విప్పి జేబులో పెట్టుకుని, పైన రేకు స్క్రూలు విప్పి వెనక్కి జరిపాడు. ఉప్పునీరు లోపలికి దిగి, వైర్లు తగిలే ఇత్తడి పలకలు పచ్చగా చిలుం పట్టి ఉన్నాయి. ఒకటి ముట్టుకోగానే విరిగిపోయింది. పాత వాల్వు తీసి కొత్తది బిగించాడు, వైరు కొసలు కోసి మళ్ళీ తొడిగాడు. చెయ్యి తిరిగిన పనివాడు, అరగంట కూడా పట్టలేదు. ప్లగ్గు పెట్టి నొక్కగానే జుయ్యిమని నీళ్ళు దూకాయి.

ఆ చప్పుడుకి మా అత్త వచ్చింది. అప్పుడే డ్యూటీ దిగిన ఆనందన్ ఆమె వెనకే వచ్చాడు.

"ఏమైందిరా దానికి?" అంది అత్త.

మా ఆయన చేతులు తుడుచుకుంటూ, "ఉప్పు గాలి అమ్మా. సముద్రం దగ్గర గదా, తుప్పు పట్టింది" అన్నాడు.

అంతే. సముద్రం మీద తోసేశాడు. అత్త సరేనన్నట్టు తలూపింది గానీ, ఆమె కళ్ళు నా వైపు ఒకసారి వచ్చి వెళ్ళాయి. ఉప్పు గాలి వీధిలో అందరికీ ఉంది, మా మిషన్‌కే ఎందుకు పట్టింది అన్న చూపు అది. నేను నోరు తెరిచాను. నా నోటి నుంచి మాట రాకపోవడం అదే మొదటిసారి.

"గాలి కాదు అత్తా" అంది పరిమళ. "బావ వెనక ఉప్పు మూట కట్టినాడు, అక్క కన్ను పడగూడదని. అది కరిగి కారి చెడింది. అక్క వల్ల కాదు. మనమే మూడు వారాలుగా అక్కని ఏందో మాదిరి చూసినాము."

మా ఆయన నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"మంచికే కట్టినా మంగళా. రేపు దానికి ఏదన్నా అయితే నిన్ను అనగూడదని."

"నన్ను ఎవురూ అనగూడదని నువ్వే ముందు అనేసినావా?"

"నేనెప్పుడన్నా? నోరు తెరిచి ఒక్క మాట అన్నానా?"

"నోటితో అనుంటే నీ నోరు మూయించేదాన్ని. తీగతో అన్నావు. ఇంకెట్ల మూయించేది?"

నిజం చెప్పాలంటే ఆయన మీద కంటే పరిమళ మీదే ఎక్కువ మండింది నాకు. ఆ మాట మా ఆయన నోటి నుంచి రావాలి కదా. నా మొగుడు నా కోసం అనాల్సిన మాటను కూడా అదే అనేసింది. మిషనూ దానిదే, మంచితనమూ దానిదే. నాకేం మిగిలింది?

మా అత్త లోపలికి వెళ్ళి గుప్పెట్లో కల్లుప్పు, మిరపకాయలు పట్టుకొచ్చింది. బాగుపడిన మిషన్‌కు దిష్టి తియ్యాలని. అలవాటు మనిషి, ఏమీ తోచనప్పుడు చేతులు ఆ పనే చేస్తాయి. మిషన్ ముందుకు వచ్చి చెయ్యి ఎత్తింది.

నేను బండ మీది నుంచి లేచాను. పరిమళ కుర్చీ లాక్కుని, మిషన్‌కూ అత్తకూ మధ్య వేసుకుని కూర్చున్నాను.

"దానికెందుకు అత్తా? అది ఇనుము. నాకు తియ్యి. మూడు వారాలు ఇంటిల్లిపాది కళ్ళూ నా మీదనే పడినాయి."

అత్త చెయ్యి గాల్లో ఆగిపోయింది. తర్వాత గుప్పెడు నా తల చుట్టూ తిప్పడం మొదలుపెట్టింది. "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి" అని ఆగింది.

"ఇరుగూ పొరుగూ ఏం చేసినారు పాపం? ఇంట్లో వాళ్ళది చెప్పు."

ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "అత్త దిష్టి" అంది. ఇంకో చుట్టు తిప్పింది. మా ఆయన వంక చూడకుండానే, "మొగుడి దిష్టి" అంది. మూడో చుట్టుకు పరిమళ వైపు చూసి, "తోడికోడలి..." అనబోయింది.

"దానిది వద్దత్తా" అన్నాను. "దాని కన్ను ఎప్పుడూ నా మీద పడలా. నాదే దాని మీద ఉండాది. ఇప్పుడు కూడా ఉండాది."

గుప్పెడు నా నోటి ముందుకు వచ్చింది. అందరూ చూస్తుండగా నేను మూడుసార్లు ఉమ్మాను.